విరిగిన ఫుట్‌పాత్ ఎవరు వేయించాలి?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివర పాత డాబా పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. స్లాబు వేసిన రోజు, కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ రివర్సులో వచ్చి ఫుట్‌పాత్ ఎక్కింది. టైల్స్ కింద ఉన్న కాలువ పలక నిలువునా పగిలి, ఒక ముక్క మురుగులోకి జారిపోయింది. "పని అవ్వగానే వేయించేస్తాం లెండి మేడం" అన్నారు మేస్త్రి. గృహప్రవేశాలయ్యాయి, మేస్త్రి ఇంకో సైటుకి వెళ్లిపోయారు. ఆ గోతి దగ్గరికి రాగానే మా అత్తగారు ఇప్పటికీ నా చెయ్యి పట్టుకుని, బస్సులు తిరిగే రోడ్డు మీదకి దిగుతారు. నాకు ప్రతిసారీ టెన్షనే.

విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా ఏర్పడింది 1978లో. అప్పటి లేఅవుట్లలో స్థలం కొన్నవాళ్లు ఒక అంతస్తు వేసుకునేవారు, మహా అయితే పైన ఒక పోర్షన్. ఇసుక, పిక్క (కంకర) ట్రాక్టర్లలో వచ్చేవి. చాలా వీధుల్లో అసలు ఫుట్‌పాతే ఉండేది కాదు కాబట్టి అది విరిగే గొడవా లేదు. తర్వాత అవే ఇళ్లను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టమని ఒక్కొక్కటిగా బిల్డర్లకి డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం మొదలైంది. ఇటు చూస్తే 2016 జనవరిలో విశాఖ స్మార్ట్ సిటీ మొదటి జాబితాలో చేరింది, 2023 మార్చిలో జీ20 సమావేశం కోసం ఊరిని ముస్తాబు చేశారు. ఫుట్‌పాత్‌లూ, భారీ లారీలూ ఒకే వీధిలోకి వచ్చిపడ్డాయి. ఆరు ఘనపు మీటర్ల కాంక్రీటే 14 టన్నులు దాటుతుంది, లారీ బరువు వేరే. మనుషులు నడవడానికి వేసిన పలక దానికెలా ఆగుతుంది?

చట్టం మాత్రం మొదటి నుంచీ ఉంది. 1979లో కార్పొరేషన్ అయిన విశాఖకి, హైదరాబాద్ కోసం 1955లో చేసిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టాన్నే వర్తింపజేశారు. దాని ప్రకారం వీధులు కార్పొరేషన్‌వి, ఫుట్‌పాత్ వీధిలో భాగం. కూల్చిన ఇంటి చెత్తను మన ఆవరణలోనే ఉంచుకోవాలని, దారికీ కాలువకీ అడ్డం పెట్టకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మరి ఎక్కడ తప్పిపోతోంది? కుళాయి కనెక్షన్ కోసం రోడ్డు తవ్వాలంటే ముందే డబ్బు కట్టించుకుంటారు. పెద్ద భవనాలకైతే ప్లాను దాటి కట్టకుండా కొంత నిర్మిత స్థలాన్ని తాకట్టు పెట్టించుకుంటారు. గేటు ముందున్న ఫుట్‌పాత్‌కి మాత్రం అలా ముందుగా డిపాజిట్ కట్టించుకోగా నేను చూడలేదు. అనుమతి ఇచ్చేది టౌన్ ప్లానింగ్, ఫుట్‌పాత్ చూసుకునేది ఇంజనీరింగ్. అడిగినవాళ్లు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తిరగాలి. ఈలోగా ఫ్లాట్లు అమ్ముడైపోతాయి. కొనుక్కుని వచ్చినవాళ్లకి ఆ లారీ సంగతే తెలియదు, వాళ్లనేం అడుగుతాం?

అందుకే ఇది ఫ్లాట్లు అమ్మకముందే, స్థలం యజమాని, బిల్డరు చేతుల్లో ఉండగానే తేలాలని నా పట్టుదల. 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శిని, ఎమినిటీస్ (సౌకర్యాల) కార్యదర్శిని ఇద్దరినీ పెట్టారు. పునాది తవ్వకముందు ఇద్దరూ వచ్చి గేటు ముందు ఫొటో తీయాలి. పని అయ్యాక అదే చోట మళ్లీ తీయాలి. పలక వేయించాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో చేరడానికి అనుమతి) ఇవ్వాలి.