పిడికెడు బియ్యం వెనుక కథ

మా చర్చి సంఘంలో కోత పండుగ నాడు ఆరాధన ముగిశాక వేలంపాట జరుగుతుంది. గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొత్త ధాన్యం, అరటిగెలలు, ఇళ్లలో చేసి తెచ్చిన అరిసెలు బలిపీఠం ముందు నుంచి ఆవరణలోని వేపచెట్టు కిందికి వస్తాయి. పోయిన ఏడాది ఒక్క కోడిగుడ్డు నాలుగుసార్లు పాటకు వచ్చింది. పాడుకున్నవారు డబ్బు కట్టి, గుడ్డును మళ్లీ కానుకగానే ఇచ్చేశారు. చివరికి అది ఒక పసివాడి చేతికి చేరింది. ఆ నవ్వులు, చప్పట్ల మధ్య నా చూపు గోడ పక్కన వరుసగా పెట్టిన స్టీలు డబ్బాల మీద ఆగింది. మా చర్చి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి సభ్యులు తెచ్చిన డబ్బాలు అవి. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరిట పక్కన పెడతారు. అలా పోగైన బియ్యం.

ఆ డబ్బాలను చూసినప్పుడల్లా నాకు ఒక మాట గుర్తొస్తుంది. "తిండి కోసం మతం మారారు." తెలుగు క్రైస్తవులు, ముఖ్యంగా మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు తరతరాలుగా పడుతున్న మాట ఇది. ఈ రోజుల్లో ఏ ఊళ్లో చర్చి నిండినా, కొత్తగా నలుగురు బాప్తిస్మం తీసుకున్నా, అదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. ఈ విశ్వాసం నిజమైనదేనా, ఈ సంతోషం లోపలి నుంచి వచ్చిందేనా అని. ఈ ప్రశ్నకు దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని అడిగిన వారిలో బయటివారే కాదు, మిషనరీలూ ఉన్నారు.

మొదట ఒంగోలు సంగతి చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచి పనిచేస్తున్నా ఫలితం చాలా కొద్దిగానే కనిపించింది. ఆ మిషన్‌ను మూసేద్దామని స్వదేశంలో ఒకటికి రెండుసార్లు చర్చ నడిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన లైమన్ జువెట్ దంపతులు, వారితో ఉన్న కొద్దిమంది తెలుగువారు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో అదే మిషన్ తరఫున జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలు వచ్చారు. మరుసటి ఏడాది జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

సంఘాన్ని పల్లెల్లోకి తీసుకుపోయిన వ్యక్తి క్లౌ కాదు, యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. చర్మాల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొంది, దేవుణ్ణి వెతుకుతూ ఉన్నవాడు. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఏమీ తెలియని జనానికి బయటివారు వచ్చి ఏదో అంటగట్టారన్న కథ పేరయ్య ముందు నిలవదు. వెతుకులాట ఆయనది. దొరికినదాన్ని ఊరూరా మోసుకెళ్లిన కాళ్లూ ఆయనవే.

చేరినవారికి మొదట్లో మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి తేలికగా ఉన్నా, ఊరి వెట్టిలో పుట్టినవాడికి మూడూ మూడు తిరుగుబాట్లే. ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. కూలి ఆగిపోయింది, బావుల దగ్గరికి రానీయలేదు, దెబ్బలు తిన్నారు. తిండి కోసం చేరినవాడు ఉన్న తిండిని పోగొట్టుకునే దారిలోకి ఎందుకు వస్తాడో ఆ మాట అన్నవారే చెప్పాలి.

తర్వాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన కరువు అది. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి అక్కడ పని, కూలి దొరికాయి. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. మధ్యాహ్నం పనివారు నీడపట్టున కూర్చున్నప్పుడు వాళ్లే వాక్యం చెప్పారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం చేతులు మారుతున్నంత కాలం, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఈరోజు బయటివారు వేస్తున్న ప్రశ్నను ఆయన అప్పుడే తనకు తాను వేసుకున్నారు.

1878 నడిమికి వచ్చేసరికి సాయం ముగిసింది. వచ్చినవారితో ఆయన తన దగ్గర ఇక డబ్బూ లేదు, పనీ లేదు, ఇళ్లకు వెళ్లండి అన్నారు. వాళ్లు కదల్లేదు. మాకు మీ సాయం అక్కరలేదు, మా రెక్కల కష్టం మీద బతుకుతాం, బాప్తిస్మం మాత్రం ఇవ్వండి అన్నారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. జులై 2న 614 మంది, మర్నాడు 2,222 మంది, ఆ మర్నాడు 700 మంది బాప్తిస్మం పొందారు.

జులై 3 నాటి దృశ్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి. అభిషేకం పొందిన బోధకులు ఆరుగురు. నీళ్లలో ఒక్కసారికి ఇద్దరే నిలబడతారు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగుతారు. ఒడ్డున గుమాస్తా పేరు చదువుతాడు, ఆ పేరుగల మనిషి ఏటిలోకి దిగుతాడు. పొద్దున్నే మొదలై, ఎండ ముదిరాక కాసేపు ఆగి, మళ్లీ సాయంత్రం దాకా సాగింది. ఆ ఆరుగురూ తెలుగువారే. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ రెండువేల పైచిలుకు మందిలో కరువుకు బిడ్డల్ని, తల్లిదండ్రుల్ని పోగొట్టుకోని ఇల్లు అరుదు. ఏటి నుంచి పైకొచ్చిన ఆ ముఖాల మీద సంతోషం ఉండి ఉంటే, అది కడుపు నిండిన సంతోషం మాత్రం కాదు.

ఒంగోలు నుంచి డోర్నకల్‌కు వస్తే ప్రశ్న మరో మలుపు తిరుగుతుంది. ఇక్కడ వచ్చినది తెల్లదొర కాదు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపారు. ఆ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో తానే ఇక్కడికి వచ్చేశారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన సంఘంలో, ఆ స్థానానికి చేరిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో, మీరు మాకెంతో ఇచ్చారు, ఇప్పుడు స్నేహాన్ని ఇవ్వండి అని మిషనరీల ముఖం మీదే అడిగిన మనిషి.

అజరయ్య చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది, పేదవాణ్ణి పుచ్చుకునే చేయిగా కాక ఇచ్చే చేయిగా చూడటం. కూలినాలి చేసుకునేవాళ్ల దగ్గర ఏముందని అడగడం అని జాలిపడిన వారి మాట ఆయన వినలేదు. ఇవ్వలేనివాడు అనడమే ఒక అవమానం అనుకున్నారు. కోత పండుగల్లో ధాన్యం, కోళ్లు, మేకలు, కూరగాయలు బలిపీఠం ముందుకు నడిచొచ్చాయి. ఆడవాళ్ల పిడికెడు బియ్యం సంఘాల్లో వాడుకగా నిలిచింది. తిండి కోసం చేరారన్న మాటకు ఇంతకంటే నిశ్శబ్దమైన జవాబు నాకు తెలియదు. పట్టెడన్నం కోసం వెంపర్లాడాల్సిన ఇంట్లో, ఉడకబోయే బియ్యం నుంచే ఒక పిడికెడు వెనక్కి తీశారు.

రెండోది బాప్తిస్మం నాటి ఆచారం. కొత్తగా బాప్తిస్మం పొందినవారు తమ తలమీద తామే చేయి పెట్టుకుని బిషప్పు వెంట పలకాలి. నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని. నీళ్ల తడి ఇంకా ఆరని తలమీద సొంత చేయి. ఊళ్లో ఎవరి తలనూ తాకే వీలులేని మనిషి చేయి అది. తన తలనే పట్టుకుని, ఇక ఈ కబురు నా బాధ్యత అంటున్నాడు. డోర్నకల్ ఎదుగుదలలో జీతగాళ్లయిన ఉపదేశుల కష్టం ఎంతో ఉంది. కానీ పాలేరు పక్క పాలేరుకు, చుట్టం చుట్టానికి చెప్పిన మాటే దూరం ప్రయాణించింది.

పల్లెల్లో అజరయ్య ఎప్పుడూ నాలుగు శత్రువుల గురించి మాట్లాడేవారు. మురికి, జబ్బు, అప్పు, తాగుడు. విశ్వాసం ఇంట్లో కనపడాలన్నది ఆయన పట్టు. మనిషి మారాడా లేదా అన్నది చర్చిలో కాదు, పొలం గట్టు మీద తెలుస్తుంది. 1930లలో శూద్ర కులాల కుటుంబాలు కూడా సంఘంవైపు చూడటం మొదలుపెట్టినప్పుడు, తమ దగ్గర పనిచేసే మాల, మాదిగల బతుకుల్లో వచ్చిన మార్పే తమను కదిలించిందని చెప్పినవారు ఉన్నారు. 1912లో సుమారు 56 వేలుగా ఉన్న డోర్నకల్ డయోసిస్ (బిషప్పు పాలనలోని ప్రాంతం) క్రైస్తవులు 1941 నాటికి 2 లక్షల 25 వేలు. మధ్యలో డయోసిస్ హద్దులు విస్తరించిన మాట గుర్తుంచుకున్నా అది పెద్ద పెరుగుదలే.

పాటనూ ఆయన వదల్లేదు. భజన, కోలాటం, జాతర సందడి ఇవన్నీ జనం సొత్తు, వాటిని ప్రభువు పేరిట చేసుకుంటే తప్పేమిటి అన్నది ఆయన ధోరణి. అంతకు ముందు నుంచే తెలుగు క్రైస్తవులకు సొంత కీర్తనలు ఉన్నాయి. ఇప్పటికీ మన ఇళ్లలోని కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. అక్షరం రాని ముసలమ్మలు చరణాలన్నీ నోటికి పాడే సంఘాలు నేను చూశాను. డోర్నకల్‌లో ఏళ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కెథడ్రల్ కూడా అలాంటిదే. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు ఒకే కట్టడంలో కలిసి నిలిచాయి.

ఇదంతా మచ్చలేని కథ అనడం లేదు. మాలలకు, మాదిగలకు మధ్య గోడ సంఘంలోకీ వచ్చింది. ఈ రోజుకూ కొన్ని ఊళ్లలో రెండు చర్చిలు ఉండటానికి సిద్ధాంతం కారణం కాదు. అది మన సిగ్గు.

1935లో యేవలాలో, నేను హిందువుగా చనిపోను అని అంబేడ్కర్ ప్రకటించాక దేశమంతా మతమార్పిడుల మీద చర్చ వేడెక్కింది. గాంధీజీ సామూహిక మార్పిడులను గట్టిగా విమర్శించారు. పాత ప్రశ్న జాతీయ స్థాయికి ఎక్కింది. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. రెండేళ్లకు, 1947 సెప్టెంబరు 27న, వేర్వేరు ప్రొటెస్టంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)గా ఏర్పడి ఆయన కలలుగన్న ఐక్యత నిజమైంది.

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో లెక్క పూర్తిగా తిరగబడింది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారిని షెడ్యూల్డు కులాలుగా పరిగణించరాదన్నది దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది, క్రైస్తవులకు దొరకలేదు. మన దగ్గర మతం మారిన దళితులు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు. అంటే అప్పటి నుంచి బాప్తిస్మం వల్ల వచ్చేదేమీ లేకపోగా, ఉన్నది పోతుంది. 1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 4 శాతానికి పైగా ఉన్న క్రైస్తవులు 2011 నాటికి 1.3 శాతం దగ్గరికి పడిపోయారు. ఆ నలభై ఏళ్లలోనే ఊరూరా కొత్త ప్రార్థనా మందిరాలు లేచాయి, ఉన్న గుళ్లలో చోటు చాలక వరండాలు కట్టుకున్నారు. కాగితం ఒకటి చెప్తోంది, ఆదివారం ఉదయం మరొకటి చెప్తోంది. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం ఒక పేరు కాగితం మీద, మరో పేరు ప్రార్థనలో ఉంచుకున్న కుటుంబాలను వేలెత్తి చూపడం నా వల్ల కాదు. వాళ్లను ఆ ఇరుకులోకి నెట్టింది వాళ్ల విశ్వాసం కాదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది.

మళ్లీ మా వేపచెట్టు కిందికి వస్తాను. వేలం ముగిసి జనం పల్చబడ్డాక స్త్రీల మైత్రి పెద్దమ్మ ఒక్కో డబ్బా మూత తీసి బియ్యాన్ని గోనెసంచిలోకి ఒంపింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయాయి. సంచి మూతి కట్టి, భర్త పోయి రెండు నెలలైన ఒక ఇంటికి పంపమని కుర్రాళ్లకు చెప్పింది. ఆ ఇంటివాళ్లు మా సంఘం వారు కాదు.