ఏ వల, ఎక్కడ, ఎప్పుడు: గంజాం తీరంలో సముద్ర సంరక్షణపై అపోహలు – వాస్తవాలు

గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దాకా ఉన్న తీరంలో సముద్ర జీవుల సంరక్షణ నా పని. జిల్లా ఒడిశాదే అయినా ఇక్కడి రేవుల్లో వినబడేది చాలావరకు తెలుగే. వాడబలిజలు, జాలర్లు తరతరాలుగా ఈ ఇసుక మీదే బతుకుతున్నారు. ఒడియావాళ్ళు మనవాళ్ళని నోలియాలంటారు. గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి గుంపులుగా వచ్చే సముద్రపు తాబేళ్ళ (ఆలివ్ రిడ్లీ) కోసం ఏటా కొన్ని నెలలు వేట ఆపుతారు. అందుకే నవంబరు వచ్చిందంటే ప్రతి రేవులోనూ ఒకటే గొడవ: "తాబేలు బతకాల, మేం సచ్చిపోవాలేటి బాబూ?" ఆ కోపంలో సగం న్యాయం ఉంది, సగం అపోహ ఉంది. అలాగని బరంపురంలో కూర్చుని మత్స్యకారుల్ని తిట్టే చదువుకున్నవాళ్ళకి అపోహలు తక్కువేం కాదు. అందుకే రెండు వైపులవీ రాస్తున్నాను.

అపోహ: రుషికుల్య ఒక అభయారణ్యం.

కాదు. ఒడిశాలో సముద్ర అభయారణ్యం ఒక్కటే, కేంద్రాపడా జిల్లాలోని గహిర్మఠ. 1997లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించారు. విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు, అందులో నేల చాలా కొంచెం, మిగతాదంతా నీళ్ళే. రుషికుల్యకి ఆ హోదా లేదు. ఇక్కడ పనిచేసేది 1982 నాటి ఒడిశా సముద్ర మత్స్య నియంత్రణ చట్టం. దాని కింద ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవీ, రుషికుల్య నదుల మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేటని నిషేధిస్తారు. అభయారణ్యమైతే ఏడాది పొడుగునా రక్షణ ఉంటుంది, అటవీ శాఖ అధికారం ఉంటుంది. ఇక్కడ రక్షణ కొన్ని నెలలకే, నీళ్ళ మీద పెత్తనం మత్స్య శాఖది. తాబేలు మాత్రం ఎక్కడున్నా వన్యప్రాణి చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవే, పులితో సమానం.

ఆ హోదా లేకుండానే 2025 ఫిబ్రవరిలో ఈ మొగ దగ్గర తాబేళ్ళు దాదాపు 7 లక్షల గూళ్ళు పెట్టాయి. ఇక్కడ అవి గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు 1994లో లోకానికి చెప్పారు. పొడంపేట, పురునాబంధ ఊళ్ళవాళ్ళకి తాతల నాటినుంచీ తెలుసు, వాళ్ళని అడిగినవాళ్ళు లేరంతే.

అపోహ: సంరక్షణ అంటే సముద్రానికి తాళం వెయ్యడం.

ఈ అపోహకి కారణం మూడు వేర్వేరు నియమాలని కలిపి 'బ్యాన్' అనే ఒక్క మాటతో పిలవడం. ఒకటి పైన చెప్పిన తాబేళ్ళ కాలం నిషేధం. రెండోది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా ఉండే 61 రోజుల వేట విరామం. అది చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టింది, తాబేళ్ళతో సంబంధం లేదు. ఇంజను లేని సంప్రదాయ పడవలకి అది వర్తించదు కూడా. మూడోది ఏడాది పొడుగునా ఉండేది: తీరం నుంచి 5 కిలోమీటర్ల లోపు నీళ్ళు సంప్రదాయ మత్స్యకారులవి, మెకనైజ్డ్ బోట్లు అక్కడికి రాకూడదు.

ఈ మూడో నియమం గురించి రేవుల్లో అడిగితే చాలామంది కుర్రాళ్ళకి తెలియదు. తెలియకపోవడమే కాదు, 'చట్టం' అనగానే తమ మీదికొచ్చేదే అనుకుంటారు. నిజానికి అది వాళ్ళని కాపాడే చట్టం. రాత్రిపూట ట్రాలర్లు, అంటే అడుగున సంచి వల ఈడ్చే మెకనైజ్డ్ బోట్లు, ఒడ్డుకి దగ్గరగా వచ్చి మనవాళ్ళు నీళ్ళలో తెరలా వేసిన గిల్ నెట్లని చింపుకుంటూ పోతే వేల రూపాయల వల ఒక్క రాత్రిలో పోతుంది. ఆ ట్రాలర్లు కొన్ని ఒడిశావి, కొన్ని మన ఆంధ్రావి. తాబేళ్ళు జతకట్టడానికి చేరేదీ ఈ ఒడ్డు నీళ్ళలోనే. అందుకే నేను ఎక్కడ మాట్లాడినా ఒకటే అంటాను. 5 కిలోమీటర్ల నియమాన్ని గట్టిగా అమలు చేస్తే తాబేలుకి కావాల్సిన రక్షణ సగం దొరుకుతుంది, చిన్న మత్స్యకారుడికి కావాల్సింది మొత్తం దొరుకుతుంది.

ఇక వాళ్ళ కోపంలో న్యాయం ఎక్కడుందంటే, తాబేళ్ళ కాలం నిషేధం రాసింది ట్రాలర్‌ని దృష్టిలో పెట్టుకుని. దాని భారం పడుతున్నది మాత్రం చిన్న ఇంజను బిగించుకున్న ఫైబర్ పడవ మీద. గస్తీవాళ్ళకి ఒడ్డున దొరికేది ఆ పడవే కదా. మంచి రొయ్య పడే నెలలు, పిల్లల ఫీజులు కట్టే నెలలు కూడా అందులోనే ఉన్నాయి. సర్కారు ఇచ్చే సాయం ఇంటి ఖర్చుకి సరిపోదు, అదీ అందరికీ అందదు. ఇది అపోహ కాదు, వాస్తవమే.

అపోహ: తాబేళ్ళని చంపుతున్నది ఊళ్ళో జాలర్లు.

గుడ్లు తినే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఉండేదేంటి, 1970ల మొదటి దాకా గహిర్మఠలో గుడ్లు ఏరుకోడానికి ప్రభుత్వమే లైసెన్సులిచ్చేది, పడవలకొద్దీ గుడ్లు అమ్మకానికి వెళ్ళేవి. ఆ తర్వాత కొన్నేళ్ళు పెద్ద తాబేళ్ళనే పట్టి కలకత్తా బజారుకి పంపారు. ఆ వ్యాపారం ఎప్పుడో ఆగిపోయింది. మన రేవుల్లో తాబేలుని తినేవాడు కనబడడు. శ్రీకూర్మం ఎంతో దూరం కాదు, కూర్మావతారమని వలలో పడితే దండం పెట్టి వదిలే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చే కళేబరాల్లో ఎక్కువభాగం నీట మునిగి చచ్చినవి. తాబేలుకి ఉన్నది ఊపిరితిత్తులు, మొప్పలు కాదు. గాలి కోసం పైకి రావాలి. ట్రాల్ వల సముద్రం అడుగున గంటలకొద్దీ ఈడ్చుకుంటూ పోతుంది, అందులో ఇరుక్కున్న తాబేలుకి పైకొచ్చే దారి ఉండదు. దీనికి మందు చాలా కాలం కిందటే దొరికింది. వల గొంతు దగ్గర ఇనప ఊచల చట్రం బిగిస్తారు, పైనో కిందో ఒక కిటికీ వదులుతారు. రొయ్యా చేపా ఊచల సందులోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి కిటికీలోంచి బయటపడుతుంది. దాన్ని టెడ్ అంటారు. మన బోట్లకి తగినట్టుగా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒకటి తయారు చేసింది. సరిగ్గా బిగిస్తే పోయే సరుకు తక్కువే. అయినా బోటు నడిపే సరంగులు దాన్ని తీసి పక్కన పడేస్తారు, లేదా తనిఖీ కోసం బిగించి ఆ కిటికీని తాడుతో కుట్టేస్తారు.

దీని నష్టం తాబేలు దగ్గరే ఆగలేదు. టెడ్ లేకుండా పట్టిన రొయ్యని కొనం అని అమెరికా చట్టం చేసుకుంది. ఆ తగువు 1990ల చివర్లో ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకి అమెరికా బజారు మూతబడింది, చెరువు రొయ్యకి మాత్రమే దారి ఉంది. రేవులో రొయ్య ధర పడిపోయిందని తాబేలుని తిట్టుకునేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: తాబేళ్ళు మన చేపలన్నీ తినేస్తున్నాయి.

అవి ఎక్కువగా తినేది పీతలు, నత్తలు, జెల్లీ చేపలు, కొంత రొయ్య. కవళ్ళు, కానాగంతలు, వంజరం తగ్గిపోవడానికి వెతకాల్సిన కారణం తాబేలు పొట్టలో లేదు, ట్రాల్ వల సంచి కన్నుల్లో ఉంది. ఆ కన్నులు ఎంత సన్నగా ఉంటాయో ఎవరైనా వేలు పెట్టి చూసుకోవచ్చు.

అపోహ: మ్యాపు మీద గీత గీస్తే అక్కడి జీవులు క్షేమం.

ఇది మా వృత్తివాళ్ళకే ఎక్కువగా ఉన్న అపోహ. 2021 మార్చిలో గహిర్మఠలో రెక్కకి ట్యాగు (నంబరున్న గుర్తు బిళ్ళ) వేసిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. సుమారు 3,500 కిలోమీటర్ల ప్రయాణం. తూర్పు తీరం తాబేళ్ళు వేరు, పడమటి తీరం తాబేళ్ళు వేరు అనుకుంటూ వచ్చిన మాకందరికీ అది కొత్త పాఠం. అంత దూరం తిరిగే జీవిని ఒక్క జిల్లా గీత ఏం కాపాడుతుంది? గూడు పెట్టే చోట, జతకట్టే నీళ్ళలో, ఆ కొద్ది నెలలు వలలు అడ్డం రాకుండా చూడటం వరకే గీత పని. ఆ తర్వాత అది దాటే ప్రతి రేవులోనూ ట్రాలర్‌కి టెడ్ ఉండాలి.

ఒకేచోట స్థిరంగా ఉండే చేపల సంగతి వేరు. మెక్సికోలో కాబో పుల్మో అనే చోట 1995లో వేట ఆపారు. 1999 నుంచి 2009 లోపు అక్కడి చేపల మొత్తం బరువు నాలుగు రెట్లకు పైగా పెరిగింది. దాన్ని చూపించి "ఇక్కడా ఆపేయండి, చేప పొంగిపొర్లుతుంది" అనేవాళ్ళు ఉంటారు. అది రాతి దిబ్బల, పగడాల చోటు. పైగా ఆపాలని పట్టుబట్టింది అక్కడి ఊరివాళ్ళే. మన కవళ్ళు గుంపులుగా ఊరూరూ తిరిగే చేప, ఒక చిన్న చోట మూసినంత మాత్రాన పెరగదు.

అపోహ: ఒక ఏడాది తాబేళ్ళు రాకపోతే సంరక్షణ ఫెయిలైనట్టే.

2024లో రుషికుల్యకి గుంపు రాలేదు. టీవీల్లో ఒకటే టెన్షన్. మరుసటి ఏడాది రికార్డు. రెండింటిలో ఏదీ ఆ ఏడాది చేసిన పనికి మార్కులు కాదు. తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికి పదేళ్ళకి పైగానే పడుతుంది, కాబట్టి ఇప్పుడొచ్చిన గుంపు ఎప్పుడో జరిగిన మంచికో చెడుకో ఫలితం. గాలి వాటం, మొగ దగ్గర ఇసుక తిన్నె ఆకారం, కోత, ఇవి కూడా రాకని మార్చేస్తాయి. ఇంకో మాట, 7 లక్షలన్నది గూళ్ళ అంచనా. తీరాన్ని పట్టీలుగా విడదీసి కొన్నిటిలో లెక్కపెట్టి మిగతాదానికి గుణిస్తాం. ఒకే తాబేలు ఒక సీజన్‌లో రెండుసార్లు కూడా రావచ్చు. పేపర్లో ఒక్క అంకె తేడా లేకుండా వేసే సంఖ్య చూస్తే నాకు నవ్వొస్తుంది.

అపోహ: తాబేలు పిల్లల్ని చేత్తో పట్టుకెళ్ళి నీళ్ళలో వదిలితే పుణ్యం.

ఏప్రిల్, మే నెలల్లో బరంపురం నుంచి కార్లలో వచ్చేవాళ్ళకి ఇదే సరదా. ఒక్కో గూట్లో 100 నుంచి 120 గుడ్లు ఉంటాయి, సుమారు 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. రాత్రి పూట సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది, అవి ఆ వెలుతురు పట్టుకుని నడుస్తాయి. ఆ నడక వాటికి అవసరం. మన ఫోను ఫ్లాష్ వేస్తే మన వైపు తిరుగుతాయి. రోడ్డు మీద దీపాలు, ఫ్యాక్టరీ దీపాలు కనబడితే అటే పోయి తెల్లారేసరికి ఎండకి చస్తాయి. గూళ్ళు పగిలే ఆ కొన్ని వారాలు తీరం దీపాలు ఆర్పించడం కోసం మేం పడే పాట్లు గస్తీ కన్నా ఎక్కువ.

గుడ్లన్నీ తీసి హేచరీలో (గుడ్లు పొదిగించే చోట) పెడితే క్షేమం అనుకోవడం కూడా ఇలాంటిదే. కెరటం తగిలే చోట విడిగా పెట్టిన గూళ్ళని మార్చడం సరే. కానీ గుడ్డులో పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. సుమారు 29–30 డిగ్రీల దగ్గర అటూ ఇటూ తూగుతుంది, వేడి పెరిగితే అన్నీ ఆడపిల్లలే. హేచరీని ఎండలో పెట్టామా నీడలో పెట్టామా అన్నదాంతో ఒక తరం మగపిల్లల సంఖ్య మారిపోతుంది. ఉన్నచోట ఉంచి, చుట్టూ వల కంచె కట్టి, కుక్కల్ని రానివ్వకపోతే చాలు.

తీరం పొడుగునా సరుగుడు నాటడం కూడా అన్నిచోట్లా మంచిది కాదు. తాబేలుకి కావాల్సింది వేళ్ళు లేని ఖాళీ ఇసుక.

అపోహ: సంరక్షణ అంటే నిషేధాలే.

రంభ వైపు వెళ్ళి చిలిక చూడండి. 1981లోనే రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి, ఎక్కిన సరస్సు. అయినా సముద్రంతో కలిసే మొగ పూడిపోయి, ఉప్పదనం తగ్గి, గుర్రపుడెక్క కమ్మి పాడైంది. 2000 సెప్టెంబరులో చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ కొత్త మొగ తవ్వించింది. 1999–2000లో 1,700 టన్నుల చిల్లర ఉన్న చేపల పట్టు తర్వాత కొన్నేళ్ళలోనే పది వేల టన్నులు దాటింది. ఐరావతి డాల్ఫిన్లు ఇప్పటికీ అక్కడ నూట యాభై దాకా ఉన్నాయి. వేట ఆపి సాధించింది కాదిది, పోటూ పాటూ మళ్ళీ లోపలికి వచ్చేలా చేసి సాధించింది. రొయ్యల కోసం వలలతో, గట్లతో చుట్టేసే ఘేరీల వల్ల మళ్ళీ పాడవకుండా చూడటం ఇప్పుడు పెద్ద పని.

అపోహ: వలలో కదలకుండా ఉన్న తాబేలు చచ్చినట్టే. కేసవుతుంది కాబట్టి గప్‌చుప్‌గా పారేయాలి.

చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది, అంతే. నీళ్ళలో పారేస్తే అప్పుడు నిజంగా చస్తుంది. వెల్లకిలా తిప్పకండి, డొప్ప మీద కాలు పెట్టి తొక్కకండి. బోర్లా పడుకోబెట్టి వెనకభాగం కింద చెక్కో టైరో పెట్టి జానెడు ఎత్తు లేపితే ఊపిరితిత్తుల్లో నీళ్ళు బయటికొస్తాయి. నీడలో ఉంచి తడిగుడ్డ కప్పండి, గుడ్డ దాని ముక్కుకి అడ్డం రాకూడదు. నీళ్ళ తొట్టిలో వేయకండి. అప్పుడప్పుడూ కన్ను పక్కన మెల్లగా తాకి చూడండి. తేరుకోవడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి 24 గంటలు. కదిలాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేని వైపు, వెనక నుంచి నీళ్ళలోకి జార్చండి. దాన్ని విడిపించడానికి వల కోయాల్సి వస్తే మహారాష్ట్రలో 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పథకం ఉంది. వల కోసిన ఫోటోలు చూపించి తీసుకుంటున్నారు. అలాంటిది గంజాంలో ప్రతి రేవుకీ రావాలని అడుగుతున్నాం. ఈ విషయమై మీ రేవు కమిటీ తీర్మానం రాసి ఇస్తే మత్స్య శాఖకి మేం పట్టుకెళ్తాం.