షారన్ జోన్స్ దారి గుంటూరు గాయకులకు ఎందుకు దొరకదు?

సినిమాతో పని లేకుండా సొంత పాటలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రకారు గుంటూరులోనూ విజయవాడలోనూ ఉన్నారు. చర్చి క్వయర్‌లో గొంతు విప్పినవాళ్లకైతే అమెరికా నల్లజాతివాళ్ల సోల్ సంగీతం తొందరగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది దానితో బతకడమే.

సోల్ కూడా చర్చి బిడ్డే. 1950లలో రే చార్లెస్ భక్తిపాటల ఒరవడిలో ప్రేమపాటలు పాడితే భక్తులు అపచారమన్నారు. తర్వాత పెద్ద కంపెనీలు అదే పాటను అమ్ముకున్నాయి, మోజు తీరాక వదిలేశాయి. అమెరికా సోల్ గాయని షారన్ జోన్స్ పాడటానికి వచ్చేసరికి ఆ సంగీతం పాతబడిపోయింది.

1956లో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో పుట్టిన ఆవిడ న్యూయార్క్‌లో పెరిగారు. రైకర్స్ ఐలాండ్ జైల్లో కాపలా ఉద్యోగం చేశారు, డబ్బు తరలించే వ్యాన్‌కు గార్డుగా వెళ్లారు. చర్చిలో, పెళ్లి బ్యాండ్లలో పాడటం మాత్రం మానలేదు. పొట్టి, లావు, నలుపు, పైగా వయసు మీరింది అని ఒక రికార్డు కంపెనీ మనిషి తనను తిప్పి పంపిన సంగతి ఆవిడే చెప్పుకునేవారు. మొదటి ఆల్బం 2002లో వచ్చింది, నలభై దాటాక. దాన్ని తెచ్చిన డాప్‌టోన్ ఆవిడ బ్యాండ్‌వాళ్లే పెట్టుకున్న చిన్న కంపెనీ. బ్రూక్లిన్‌లో ఒక పాత ఇంట్లో స్టూడియో కట్టుకుని, కంప్యూటర్‌ను పక్కనపెట్టి టేపు మీద రికార్డు చేసేవారు.

ఆ గొంతు తీపి గొంతు కాదు. పదాన్ని డ్రమ్ము దెబ్బలా విసురుతుంది, ఆవేశం వచ్చినచోట కావాలనే గరగరలాడుతుంది. మన గమకం రాగానికి కట్టుబడి ఉంటుంది; సోల్‌లో స్వరాన్ని సాగదీయడం ఆ క్షణాన్ని బట్టి, ఎదుటివాళ్ల కేకలను బట్టి మారుతుంది. తెనాలి వైపు పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ అంటే రాగం ఇంకాస్త పెంచిన నటుల్ని ఎరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. షారన్ జోన్స్ క్యాన్సర్ చికిత్సతో జుట్టు ఊడిపోయినా విగ్గు లేకుండానే వేదికెక్కి గంతులేసి పాడారు. 2016 నవంబరులో అరవై ఏళ్లకు పోయారు.

గొంతుల మాటకొస్తే మనకు కరువు లేదు. 1842లో అమెరికా మిషనరీ హేయర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు రాగతాళాలతో కట్టిన క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ ఆరాధనల్లో వినిపిస్తాయి. కానీ గొంతు బాగుంటే ఎక్కాల్సింది మద్రాసు రైలే అన్నట్టుండేది. గుంటూరు జిల్లాలో పుట్టిన ఎస్. జానకి 1957లో సినిమాల్లో పాడటం మొదలుపెట్టిందీ అక్కడే.

ఉన్న ఊళ్లో ఉండి పాడుకునే వీలు కల్పించింది 1948లో మొదలైన విజయవాడ రేడియో. బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం అక్కడ పనిచేశారు. లలిత సంగీతం ఇంటింటికీ చేరింది. సర్కారీ కొలువును ఇండిపెండెంట్, అంటే ఎవరి మీదా ఆధారపడని పాట, అనడమేమిటని నవ్వొచ్చు. అయినా సినిమావాళ్ల పిలుపు కోసం కాచుకోనక్కర్లేకుండా నెల జీతం, పక్కనే రోజూ వాయించే కళాకారులు... డాప్‌టోన్‌కు మన దగ్గర ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు తోచలేదు.

షారన్ జోన్స్‌కు కలిసొచ్చింది కూడా అదే. ఆవిడ బ్యాండ్ డాప్ కింగ్స్ ఏళ్ల తరబడి ఆవిడతోనే వాయించారు. 2006లో బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ ఆల్బంలో చాలా పాటలకు వాయించి పేరు తెచ్చుకున్నాక కూడా ఆవిడను వదల్లేదు. ఇక్కడ సొంత పాట పాడదామనుకునే అమ్మాయికి దొరికేది కీబోర్డు మీద చేసిన ట్రాక్. గొంతు ఒక మాట దగ్గర ఇంకాసేపు నిలబడాలనుకున్నా ట్రాక్ ఆగదు. మంచి డ్రమ్మర్, బేస్ గిటారిస్టు ఊళ్లో లేక కాదు. ముహూర్తాల సీజన్ వస్తే వాళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు వాయిస్తుంటారు. సొంత పాటల రిహార్సల్‌కు రమ్మంటే ఆ రోజు కూలి ఎవరిస్తారన్న దగ్గరే మాట ఆగిపోతుంది.