జింకలకు లవణ ఇటుకలు: అపోహలు - వాస్తవాలు

అడవి జంతువుల వైద్యం నా పని. కొత్త చిగుళ్లు వేసే కాలం వచ్చిందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "డాక్టరుగారూ, మా తోట వెనక జింకలు తిరుగుతున్నాయి. ఏ లవణ ఇటుక పెట్టమంటారు?" లవణ ఇటుక అంటే జంతువులు నాకడానికి పెట్టే ఉప్పు, ఖనిజాల దిమ్మ. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. జింకను దగ్గరగా చూడాలి, దానికి కాస్త బలం అందాలి, అంతే వాళ్ల కోరిక. చిక్కల్లా ఈ రెండూ ఒకే ఇటుకతో తీరిపోతాయనుకోవడంలోనే ఉంది. చూడాలన్న కోరిక తీరుతుంది. బలం సంగతి వేరు.

ముందుగా ఒక మాట. కృష్ణజింకను కూడా మనం జింకే అంటాం, కానీ అది కొమ్ములు రాల్చదు, పుట్టి బుద్ధెరిగాక జీవితాంతం అదే జత. నేను చెప్పబోయేది కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకునే జాతుల గురించి: తెల్లతోక జింక, ఎర్రజింక, మూస్, రెయిన్‌డీర్ లాంటివి.

అపోహ: ఇటుక నాకితే కొమ్ములు పెద్దవవుతాయి

ఒకాయన ట్రాప్ కెమెరా (ఎదురుగా జంతువు కదిలితే తనే ఫొటో తీసేది) ఫొటోలు పట్టుకొచ్చాడు. "ఇటుక పెట్టిన మూడు నెలలకే ఎలాంటి మగజింకలు వస్తున్నాయో చూడండి." నిజంగానే మంచి కొమ్ములు. కెమెరా ఎప్పుడు కట్టారని అడిగాను. ఇటుక పెట్టిన రోజేనట. అంటే అంతకుముందు ఆ జింకలు లేవని కాదు, వాటిని చూసే కన్ను లేదు. ఈ నమ్మకానికి నేను చూసిన సాక్ష్యాల్లో ఎక్కువ ఇలాంటివే.

అసలు కొమ్ము దేనితో తయారవుతుందో చూడండి. పూర్తిగా గట్టిపడ్డ కొమ్ములో దాదాపు సగం ప్రోటీనే. కాల్షియం ఐదో వంతు, భాస్వరం పదో వంతు, కాస్త అటూఇటూగా. మఖమల్ లాంటి చర్మం కప్పుకుని ఇంకా పెరుగుతున్న దశలో ప్రోటీన్ పాలు ఇంకా ఎక్కువ. అది ఆకులోంచి రావాలి, ఉప్పు ఇటుకలోంచి రాదు. ఇక కాల్షియం. కొమ్ము గట్టిపడే వారాల్లో మేతలో దొరికేది చాలదు. అందుకని మగజింక తన పక్కటెముకల నుంచే అప్పు తీసుకుంటుంది. ఆ రోజుల్లో ఎముకలు పలచబడతాయి, కొమ్ము తయారయ్యాక మళ్లీ నిండుకుంటాయి. పెద్ద వయసులో మనుషులకు ఎముకలు గుల్లబారతాయే, అలాంటిదే. కాకపోతే జింకకు ప్రతిసారీ నయమైపోతుంది. ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొమ్ముల సైజును తేల్చేవి వయసు, మేత, వంశం. తెల్లతోక జింకల్లో మగది ఐదారేళ్లకు గానీ నిండు కొమ్ములు వేయదు. చాలాచోట్ల అంతకాలం దాన్ని బతకనిస్తే కదా! కంచెల్లో పెంచే జింకలకు మంచి మేతతో పాటు అదనంగా ఖనిజాలు కూడా ఇచ్చి చూసిన ప్రయోగాలున్నాయి. వాటిలో కొమ్ముల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

ఇంకోటి. ఇటుక దగ్గరికి కొమ్ములే లేని ఆడజింకలు, అందులోనూ పాలిచ్చే తల్లులు, మగవాటికి ఏమాత్రం తీసిపోకుండా వస్తాయి. మరి అవి ఏం పెంచుకుందామని వస్తున్నట్టు?

అపోహ: తనలో ఏ ఖనిజం తగ్గిందో జింకకు తెలుసు, అది చూసుకుని నాకుతుంది

సోడియం వరకు ఇది నిజం. మిగతా ఖనిజాల విషయంలో అంత గట్టిగా చెప్పలేం. సంచి మీద ఎన్ని ఖనిజాల పేర్లు అచ్చువేసినా, జింకను రప్పించేది అందులో ఉన్న మామూలు ఉప్పే. తెల్ల ఇటుక అంటే ఉప్పు దిమ్మే. ఎర్ర రంగులో అమ్మే చాలా ఇటుకల్లోనూ నూటికి తొంభై పాళ్లకు పైగా ఉప్పే ఉంటుంది.

ఈ ఉప్పు యావ లేత చిగుళ్ల కాలంలోనే ఎందుకు ముదురుతుంది? చాలా మొక్కల్లో సోడియం నామమాత్రం, పొటాషియం మాత్రం దండి. చిగురులో నీళ్లు కూడా ఎక్కువే. లేత ఆకు కడుపునిండా మేసిన జింక ఆ పొటాషియాన్ని, నీటిని బయటికి పంపే క్రమంలో ఉన్న కాస్త సోడియాన్నీ పోగొట్టుకుంటుంది. పేడ పలచబడుతుంది. నెమరువేసే జంతువు లాలాజలంలో ఉండేది ముఖ్యంగా సోడియం లవణమే, కడుపులో పులుపును అదుపులో పెట్టేది అదే. దానికి తోడు చంటి పిల్లకు పాలు. అందుకే చిగుళ్ల వేళ చౌటి మట్టి దగ్గర తొక్కిసలాట, ఆకులు ముదిరాక అదే చోటు బోసిగా ఉంటుంది. అమెరికాలో సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవిలో మూస్‌లు వేసవిలో నీళ్లలోకి దిగి మరీ నీటి మొక్కలు మేస్తాయి. ఆ మొక్కల్లో సోడియం ఎక్కువ.

అలాగని మిగతా ఖనిజాల కొరత ఎక్కడా ఉండదని నేను అనను. స్కాట్లాండ్ పక్కన రమ్ అనే దీవి ఉంది, నేలలో సారం లేదు. అక్కడి ఎర్రజింకలు షియర్‌వాటర్ అనే సముద్రపక్షి పిల్లల తలలు, కాళ్లు కొరికి తింటాయి. శాకాహారి అనుకున్న జింక! మాంసం రుచి మరిగి కాదు, ఎముకల్లోని ఖనిజాల కోసం. రాలిన కొమ్ములను జింకలే గీరుకుని తినడం అయితే మామూలే. కొరత నిజంగా ఉన్న చోట జింక దాని దారి అది వెతుక్కుంటుంది. మీ తోట వెనక అలాంటి కొరత ఉందో లేదో మట్టి, మేత పరీక్ష చేయిస్తే తేలుతుంది. సంచి మీది బొమ్మ చూస్తే తేలదు.

అపోహ: వాసన కలిపిన ఇటుక మైళ్ల దూరం నుంచి లాక్కొస్తుంది

ఉప్పుకు వాసన ఉండదు. పళ్ల వాసనలు కొనేవాళ్ల ముక్కు కోసం. జింక దారి మీద పెడితే తనే తగులుకుంటుంది, ఒకసారి రుచి దొరికితే మళ్లీ వస్తుంది.

అపోహ: పశువులకు పెట్టే ఇటుక ఏదైనా సరే

పశువుల కోసం చేసిన వాటిలో యూరియా కలిపినవి ఉంటాయి, మోనెన్సిన్ లాంటి మందులు కలిపినవి ఉంటాయి. మోనెన్సిన్ గుర్రానికి ప్రాణాంతకం. ఆరుబయట వదిలేసిన ఇటుకను ఏ జంతువు నాకుతుందో మీ చేతిలో ఉండదు.

అపోహ: ఉప్పేగా, హాని ఏముంటుంది?

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఈ మాటే.

వాడకంలో ఉన్న నాకుడు చోటు దగ్గర ఒకసారి గొంతుకూర్చుని చూడండి. వానకు ఇటుక కరిగి ఎప్పుడో నేలలోకి దిగిపోయి ఉంటుంది. జింకలు మట్టినే నాకీ తవ్వీ మోకాలి లోతు గుంట చేస్తాయి. అడుగున నల్లటి బురద, దాంట్లో గిట్టల జాడలు, పేడ, మూత్రం. గుంట గోడ మీద నాలుకలు గీసిన నున్నటి చారలు. ఆ చారల మీదే పదుల జింకల లాలాజలం. చుట్టూ ఉప్పుకు గడ్డి మాడిపోయి ఉంటుంది.

జింకలకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది. 1967లో అమెరికాలోని కొలరాడోలో మొదట గుర్తించారు. మెదడును తినేస్తుంది, మందు లేదు, సోకిన జింక చిక్కిశల్యమై చచ్చిపోవాల్సిందే. దానికి కారణమైన ప్రియాన్ అనే ప్రోటీన్ లాలాజలంలో, మూత్రంలో, పేడలో బయటపడి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ జబ్బున్న ప్రాంతంలో 11 నాకుడు చోట్ల నమూనాలు తీస్తే 9 చోట్ల ప్రియాన్లు దొరికాయి. 2016లో నార్వే రెయిన్‌డీర్లలో ఇదే జబ్బు బయటపడింది. ఆపడానికి అక్కడి నోర్డ్‌ఫ్యెల్లా అనే కొండప్రాంతపు మందలో రెండు వేలకు పైగా జంతువులను చంపేయాల్సి వచ్చింది. గొర్రెల కోసం పెట్టిన ఉప్పు దగ్గర రెయిన్‌డీర్లూ గుమిగూడుతుండటంతో ఆ చోట్లకు కంచెలు వేశారు. చాలా ప్రాంతాల్లో ఇటుకలు పెట్టడమే నిషేధం. కాబట్టి మీ చోటి చట్టం చూడకుండా ఇటుక కొననే కొనకండి.

రోడ్డు పక్కన పెడితే వాహనాల కింద పడతాయి, వాగు పక్కన పెడితే ఉప్పు నీళ్లలోకి పోతుంది. ఇవి చెప్పనక్కర్లేదు.

మరి ఏం చేయమంటారు అంటే, కలుపు జాతి పొదలు నరికించండి, నేలకు ఎండ తగలనివ్వండి, స్థానికంగా మొలిచే మేత మొక్కలను ఎదగనివ్వండి. ఇలా చెబితే చాలామంది నిరుత్సాహపడి ఫోన్ పెట్టేస్తారు. ఆకు పెరగడం ఫొటోకు అందదు కదా.

అపోహ: వద్దనుకుంటే ఇటుక తీసేస్తే సరి

ఆ ఫొటోల పెద్దమనిషి నా మాట విని ఇటుక ఎత్తేశాడు. గుంటలోని మట్టి తవ్వి తీయించి, కొత్త మట్టి నింపి, పైన పెద్ద రాళ్లు పేర్చాడు. రెండేళ్ల తర్వాత వెళ్లి చూశాను. ఒక ఆడజింక, పక్కన దాని ఏడాది పిల్ల. ఇటుక ఉన్న రోజుల్లో ఆ పిల్ల పుట్టనే లేదు. తల్లి చూపించిన చోట, రెండు రాళ్ల సందులోకి మూతి దూర్చి మట్టి నాకుతోంది.