మధ్యయుగపు ఇంగ్లీష్, జర్మన్ భక్తి పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

నేను 14, 15 శతాబ్దాల ఇంగ్లీష్, జర్మన్ క్రైస్తవ భక్తి సాహిత్యం మీద పనిచేస్తుంటా. ఆ మాట ఎవరితో అన్నా ఇంచుమించు ఇవే వినిపిస్తాయి, అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నా.

అపోహ: అదంతా లాటిన్, ఫాదర్లు తప్ప ఎవరూ చదివేవాళ్ళు కాదు.

లాటిన్ చాలానే ఉంది, కాదనను. కానీ జనం మాట్లాడే భాషలో ఉన్నవి కూడా కుప్పలు తెప్పలు, వాటిని చదివినవాళ్ళలో, కాపీ చేసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతోమంది. న్యూరెంబర్గ్‌లో సెయింట్ కాథరీన్ కాన్వెంట్ సిస్టర్ల దగ్గర 15వ శతాబ్దంలో వందల రాతప్రతులు ఉండేవి, ఎక్కువ జర్మన్‌వే, చాలావాటిని వాళ్ళే కూర్చుని రాసుకున్నారు. ఇంకోటి నాకు ప్రాణం, ఉత్తర జర్మనీలో వీన్‌హౌజెన్ మఠంలో 1953లో సన్యాసినులు ప్రార్థనకి కూర్చునే చోట నేల చెక్కలు తీస్తే కింద చిన్న చిన్న ప్రార్థన కాగితాలు, బొమ్మలు, వాటితోపాటు కళ్ళద్దాలు దొరికాయి! చెవులకి కాడలుండవు, ముక్కు మీద నిలబెట్టుకోవడమే. చూపు తగ్గినా చదువు ఆపలేదు వాళ్ళు.

అపోహ: బైబిల్‌ని మొదట జర్మన్‌లోకి తెచ్చింది మత సంస్కర్త మార్టిన్ లూథర్.

కాదండీ. లూథర్ కొత్త నిబంధన 1522లో వస్తే, స్ట్రాస్‌బర్గ్‌లో మెంటెలిన్ అనే ముద్రకుడు 1466లోనే జర్మన్ బైబిల్ అచ్చేశాడు. ఇంగ్లండ్ కథ వేరు, అక్కడ 1409లో ఆర్చ్‌బిషప్ అరండెల్ అనుమతి లేకుండా ఇంగ్లీష్‌లోకి అనువదించొద్దని కట్టడి పెట్టాడు, అయినా 14వ శతాబ్దపు ఇంగ్లీష్ మత పండితుడు విక్లిఫ్ అనుచరుల బైబిల్ రాతప్రతులు ఇవాళ్టికీ సుమారు 250 ఉన్నాయి.

అపోహ: ఇంగ్లీష్ భక్తి రచయిత్రి జూలియన్ ఆఫ్ నార్విచ్ గదిలో మూసుకుని లోకాన్ని వదిలేసింది.

చర్చిని ఆనుకున్న గదిలో ఉండిపోయిన మాట నిజమే, కానీ సలహా కోసం జనం ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. సుమారు 1413లో లిన్ ఊరి మార్జరీ కెంప్, 14 మంది పిల్లల తల్లి, వచ్చి చాలా రోజులు మాట్లాడి వెళ్ళింది. జూలియన్ రాసింది 1373 మేలో, తనకి 30 ఏళ్ళప్పుడు, ఇక బతకదు అనుకున్న జబ్బులో వచ్చిన దర్శనాల గురించి. అందులో ఓచోట ఆమె అరచేతిలో హేజెల్‌నట్ (ఓ చిన్న గింజ) అంత గుండ్రటి వస్తువు కనిపిస్తుంది, ఇదేంటి అనుకుంటే సృష్టి మొత్తం ఇదే అని జవాబు వస్తుంది, ఇంత చిన్నది చటుక్కున మాయమైపోదా అని ఆమెకి ఆశ్చర్యం, దేవుడు ప్రేమిస్తున్నాడు కాబట్టే నిలిచింది అని మళ్ళీ జవాబు. లోకాన్ని వదిలేసిన మనిషి లోకాన్ని ఇలా అరచేతిలో పెట్టుకుని చూస్తుందా?

అపోహ: ఇంగ్లీష్ చదివితే చాలు, జర్మన్ దేనికి?

డొమినికన్ సంఘానికి చెందిన జర్మన్ సన్యాసి హైన్రిఖ్ సూసో తన జర్మన్ పుస్తకాన్ని తనే లాటిన్‌లో పెంచి రాశాడు, ఆ లాటిన్ ఇంగ్లండ్ చేరి ఇంగ్లీష్ అయింది, సుమారు 1491లో ఇంగ్లండ్ ముద్రకుడు కాక్స్‌టన్ అచ్చేశాడు. పైన చెప్పిన మార్జరీ కూడా బాల్టిక్ తీరంలోని డాన్‌జిగ్ దాకా వెళ్ళి, జర్మన్ యాత్రాస్థలాలు విల్స్‌నాక్, ఆఖెన్ మీదుగా తిరిగొచ్చింది.

అపోహ: ఇంకా కొత్తగా దొరికేదేముంది?

మార్జరీ తన జీవితం గురించి చెప్పి రాయించిన పూర్తి పుస్తకం బయటపడిందే 1934లో, ఒక ఇంగ్లీష్ కుటుంబం ఇంట్లో. అంతకుముందు ఆమెవి అని తెలిసినవి అచ్చులో వచ్చిన కొన్ని పేజీలే.