కాన్సులేట్ కాపలా పేరుతో చమురు బావికి: 20 మంది రౌతుల కథ

1907 చివర్లో బ్రిటిష్ ఇండియా సైన్యం నుంచి 20 మంది గుర్రపు రౌతులు పర్షియా (ఇప్పటి ఇరాన్) నైరుతి మూలకు చేరారు. వాళ్లది 18వ బెంగాల్ లాన్సర్స్ దళం. పేరులో బెంగాల్ ఉందన్నమాటే గానీ ఆ దళంలోకి మనుషులు ఎక్కువగా వచ్చింది పంజాబ్ నుంచి. వాళ్ల వెంట ఆర్నాల్డ్ విల్సన్ అనే 23 ఏళ్ల లెఫ్టినెంట్ ఉన్నాడు. కాగితాల్లో రాసుకున్న పని అహ్వాజ్ ఊళ్లోని బ్రిటిష్ కాన్సులేట్ కాపలాను పెంచడం. అసలు కాయాల్సింది కాన్సులేట్‌ని కాదు, అక్కడికి దూరంగా మస్జిదే సులేమాన్ కొండల్లో చమురు కోసం బావి తవ్వుతున్న దొరలని.

ఎవరి కాపలా ఎవరు కాయాలన్న గొడవ అంతకు ఆరేళ్ల ముందే మొదలైంది. ఆస్ట్రేలియా బంగారు గనుల్లో గడించిన విలియం నాక్స్ డార్సీ 1901 మే 28న పర్షియా షా (రాజు) ముజఫరుద్దీన్ నుంచి 60 ఏళ్లకు చమురు హక్కు రాయించుకున్నాడు. రొక్కంగా 20 వేల పౌండ్లు, వాటాలుగా మరో 20 వేలు, లాభాల్లో 16 శాతం ఇస్తానన్నాడు. రష్యా వైపున్న ఐదు ఉత్తర రాష్ట్రాలు తప్ప మిగతా దేశమంతా ఆయన చేతికొచ్చింది. ఆ దేశంలో ఆయన ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఒప్పందంలోని 14వ అధికరణం ప్రకారం కంపెనీ మనుషులకూ యంత్రాలకూ రక్షణ ఇవ్వాల్సింది షా ప్రభుత్వం. రాసుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ కొండల్లో షా మాట వినేవాడెవడు?

అక్కడ చెల్లేది బఖ్తియారీ తెగ పెద్దలైన ఖాన్ల మాట. చలికాలంలో వాళ్ల మందలు మేసేది ఆ నేలమీదే. అందుకే 1905లో కంపెనీ తరఫువాళ్లు ఖాన్లతో విడిగా కూర్చుని ఇంకో ఒప్పందం చేసుకున్నారు. కాపలా కోసం ఏటా 2,000 పౌండ్లు, వచ్చే కంపెనీల్లో 3 శాతం వాటా. మన భాషలో చెప్పాలంటే అది మామూలు. మా దారిన పోతున్నావు, మా కట్నం మాకు పెట్టు అన్నట్టు. డబ్బు తీసుకుని కాపలా సరిగ్గా కాయడం లేదని కంపెనీ ఫిర్యాదు, ఇచ్చింది చాలడం లేదని ఖాన్ల ఫిర్యాదు. పుస్తకాల్లో ఖాన్లని దోపిడీదారుల్లా చూపించడం మామూలే గానీ, తమ నేల కింద ఏముందో తమకంటే ముందు లండన్‌కి తెలిసిన మనుషులు బేరం గట్టిగా ఆడటంలో నాకైతే తప్పు కనిపించదు.

తవ్వకం నడిపించే ఇంజినీరు జార్జ్ రేనాల్డ్స్. ఏళ్లుగా ఆ దేశంలోనే ఉన్నాడు. ఎండ, గంధకం వాసన, పేడ కలిసినట్టుండే తాగునీళ్లు. వీటికి తోడు బెదిరింపులు. సైనిక కాపలా కావాలని అడిగితే వచ్చినవాళ్లే ఈ 20 మంది. సరిగ్గా ఆ ఏడాదే, 1907 ఆగస్టు 31న, బ్రిటన్, రష్యా పర్షియాని రెండు ప్రభావ మండలాలుగా పంచుకున్నాయి, మస్జిదే సులేమాన్ మధ్యలో మిగిలిన తటస్థ ప్రాంతంలో పడింది. అక్కడికి సైన్యాన్ని పంపామని బాహాటంగా చెప్పుకోవడం కంటే కాన్సులేట్ కాపలా అనడం ఎవరికైనా సుఖమే. ఆ రౌతులకి దీటుగా పనిచేసిన మనిషి ఇంకొకడున్నాడు, కంపెనీ డాక్టర్ యంగ్. తెగల వాళ్లకి వైద్యం చేస్తూ ఖాన్లకీ కంపెనీకీ మధ్య రాయబారాలు నడిపాడు.

1908 మే నాటికి డబ్బు పెడుతున్న బర్మా ఆయిల్ కంపెనీకి విసుగొచ్చింది. (మన కోస్తావాళ్లు పడవలెక్కి పొట్టకూటికి పోయిన రంగం, అదే బర్మాలోని రంగూన్, ఉంది చూడండి, ఈ కంపెనీ వ్యాపారం పుట్టింది ఆ దేశపు చమురు మీదే.) 1,600 అడుగుల దాకా తవ్వి చూడండి, లేకపోతే సామాను సర్దేయండి అని గ్లాస్గో నుంచి ఉత్తరం బయల్దేరింది. అది చేరేలోపే, మే 26 తెల్లవారుజామున నాలుగు గంటల వేళ, 1,180 అడుగుల లోతున చమురు తగిలింది. బావి మీద కట్టిన డెరిక్ అనే తవ్వకపు చట్రం మీదుగా 50 అడుగుల పైకి చిమ్మింది. ఆరుబయట పడుకున్న విల్సన్ ఆ గోలకి లేచాడు. అహ్వాజ్‌లో ఉన్న కాన్సులేట్ అధికారి లోరిమర్‌కి కబురు పంపాలి, రహస్య సంకేతాల పుస్తకం దగ్గర లేదు. బైబిల్ కీర్తనల అంకెలతో టెలిగ్రాం కొట్టాడు: 104వ కీర్తన 15వ వచనం మూడో వాక్యం, 114వ కీర్తన 8వ వచనం రెండో వాక్యం. మొదటిది భూమిలోంచి వచ్చే తైలం సంగతి, రెండోది రాతిలోంచి ఊట పుట్టడం. దారిలో చదివినవాడికి పాస్టర్ల ముచ్చటలా ఉంటుంది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1909 ఏప్రిల్‌లో ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. అదే ఏడాది మొహమ్మరా షేక్ ఖజల్ నుంచి అబాదాన్‌లో రిఫైనరీకి ఏటా 650 పౌండ్ల అద్దెకి నేల తీసుకున్నారు. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం 22 లక్షల పౌండ్లు పెట్టి కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది. అంతటితో కంపెనీకి కాపలా, సర్కారు సొంత ఆస్తికి కాపలా రెండూ ఒకటయ్యాయి.

కాపలాకొచ్చిన సైనికుల అంకె ఎలా పెరిగిందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ మీదికి, 1914 నవంబర్ 6న ఇండియా సైన్యపు 16వ బ్రిగేడ్ షత్తల్ అరబ్ నది ముఖద్వారంలో ఫావ్ దగ్గర దిగింది. చమురు ఒక్కటే కారణం కాదు, గల్ఫ్ షేకులకి భరోసా ఇవ్వడమూ అందులో ఉంది. కానీ అబాదాన్ రిఫైనరీని కాపాడటం వాళ్ల పనుల్లో ముఖ్యమైనది. మూడు నెలలు తిరక్కముందే, 1915 ఫిబ్రవరిలో, అహ్వాజ్ దగ్గర తెగలవాళ్లు పైప్‌లైన్ తెగ్గొట్టారు. జూన్ దాకా చమురు పారలేదు. ఈలోగా సైన్యం ఎగువకి, ఇంకా ఎగువకి, బాగ్దాద్ దారి పట్టింది. 1916 ఏప్రిల్ 29న కుట్ దగ్గర 13 వేల మంది దాకా టర్కీ సైన్యానికి లొంగిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఇండియా మనుషులు. విల్సన్ మాత్రం బాగ్దాద్‌లో పెద్ద పదవి వెలగబెట్టి, తర్వాత ఆ చమురు కంపెనీలోనే ఉద్యోగానికి చేరాడు.

1941 ఆగస్టు 25న అబాదాన్‌ని పట్టుకున్నది కూడా ఇండియా సైనికులే, 8వ డివిజన్ వాళ్లు. పదేళ్లకి, 1951లో, ఇరాన్ ప్రధాని ముసద్దిక్ చమురుని జాతీయం చేసినప్పుడు అబాదాన్‌ని బలవంతంగా పట్టుకునే ఆలోచన లండన్‌లో మళ్లీ వచ్చింది. అమెరికా వద్దంది. పిలవగానే వచ్చే ఇండియా సైన్యమూ ఇప్పుడు లేదు, ఆ సైన్యానికి నాలుగేళ్లుగా ఢిల్లీలో వేరే యజమాని. అక్టోబర్ మొదటివారంలో కంపెనీ చివరి ఇంగ్లిష్ ఉద్యోగులు మారిషస్ అనే యుద్ధనౌక ఎక్కి బస్రాకి వెళ్లిపోయారు. కొందరి చేతుల్లో టెన్నిస్ రాకెట్లు, కొందరి భుజాన గోల్ఫ్ కర్రలు.