తెల్లవారితే ఆదివారం: రైలు టికెట్ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్ళీ అదే జరిగింది. పొద్దున్నే కొట్టు తలుపు తీయబోతుంటే మెట్ల మీద ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య, కాళ్ళ దగ్గర రెండు సంచులు. ఒక సంచిలోంచి పులిహోర వాసన వస్తోంది. "బాబూ, రాత్రంతా స్టేషనులోనే ఉన్నాం. మా రైలు రాలేదు" అన్నారాయన. మనవడు ఫోనులో తీసి పంపిన టికెట్ చూపించారు. రైలు వచ్చింది, సమయానికే వెళ్ళింది. కాకపోతే ఇరవై నాలుగు గంటల ముందు.

అమలాపురం గడియార స్తంభం దగ్గర పద్దెనిమిదేళ్ళుగా టికెట్లు తీస్తున్నాను. కోటిపల్లి - నర్సాపురం లైను ఇంకా పూర్తి కాలేదు గనుక మా ఊరికి రైలు లేదు. మా వాళ్ళు ఏ రైలు ఎక్కాలన్నా ముందు రాజమండ్రికో, కాకినాడకో, పాలకొల్లుకో, నర్సాపురానికో రోడ్డున చేరాలి. ఆ కంగారు చాలదన్నట్టు టికెట్ల చుట్టూ లేనిపోని పుకార్లు. వాటిలో ఎక్కువ కుటుంబాలను ముంచినది ఒకటుంది. ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: శనివారం రాత్రి ఎక్కే రైలుకు శనివారం తేదీ టికెట్ తీసుకోవాలి.

వాస్తవం: రైల్వే గడియారంలో రాత్రి 12 దాటితే మరుసటి రోజు. రాజమండ్రికి 00.40కి వచ్చే రైలును శనివారం రాత్రి భోజనం చేసి వెళ్ళి ఎక్కాలంటే టికెట్ మీద ఆదివారం తేదీ ఉండాలి.

ఈ మాత్రం ఎవరికి తెలియదు అంటారు. తెలిసినవారే పొరబడుతున్నారు. ఇలా నా దగ్గరకు వచ్చినవారిలో లెక్కల మాష్టారు ఉన్నారు, రోజూ తేదీలు వేసి సంతకాలు పెట్టే బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు, మనం పుట్టి పెరిగిన లెక్క వేరు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైతే శుభలేఖలో "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని వేస్తాం. నేను ఏ రోజు పుట్టానని అడిగితే మా అమ్మ ఇప్పటికీ "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారమనగా" అంటుంది. నిద్రపోయి లేస్తేనే మనకు రోజు మారినట్టు. రైల్వేవారికి నిద్ర లేదు.

ఈ పొరపాటు రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, శనివారం రాత్రి వెళ్దామనుకుని శనివారం తేదీకే టికెట్ తీయడం. ఆ రైలు నిజానికి శుక్రవారం రాత్రి భోజనాల తరువాత వచ్చేది. వీరు శనివారం సాయంత్రం తీరిగ్గా సంచులు సర్దుకుంటారు. రెండోది ఇంకా బాధాకరం. టికెట్ సరిగ్గానే ఆదివారం తేదీతో ఉంటుంది, మనుషులు మాత్రం ఆదివారం రాత్రి స్టేషనుకు వెళతారు. పెద్దాయన విషయంలో జరిగింది ఈ రెండోదే. మనవడి తప్పేమీ లేదు. టికెట్ పంపాడు గానీ "తాతయ్యా, శనివారం రాత్రికి బయలుదేరాలి" అన్న ఒక్క మాట పంపలేదు.

మీరు రాకపోతే ఆ బెర్తు మరొకరికి పోతుంది. రైలు వెళ్ళిపోయాక ఆ టికెట్ కాగితమే, డబ్బు వెనక్కి రాదు. అక్కడితో పోతే బాగానే ఉండును. వారు వెళ్ళవలసింది తిరుపతికి. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే తీసుకున్నారు. వాటి తేదీ మనకోసం జరగదు. గది, తిరుగు రైలు, కొడుకు ఆఫీసులో పెట్టిన సెలవు, అన్నీ ఒకదాని వెనుక ఒకటి పేకముక్కల్లా పడ్డాయి. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఆయనకిచ్చి, సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కొట్టు పెట్టిన రెండో ఏడు మా అత్తగారికి ఇదే పని చేసిపెట్టాను. సొంత అల్లుడు, పైగా టికెట్ల వ్యాపారం. ఆవిడ రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద నుంచి ఫోను చేసి, "అల్లుడుగారూ, ఇక్కడ మన రైలు పేరు చెప్పడం లేదండీ" అన్నప్పుడు క్యాలెండరు వైపు చూశాను, కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. నాలుగేళ్ళపాటు ప్రతి పండగకూ మా బావమరిది ఆ కథ చెప్పాడు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. "ఏ తేదీకి కావాలి?" అని అడగను. "ఏ రోజు రాత్రి ఇంట్లో భోంచేసి బయలుదేరతారు?" అని అడుగుతాను. ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవారు ఇంతవరకు లేరు. టికెట్ చేతికిచ్చే ముందు పైన ఎర్ర పెన్నుతో "శనివారం రాత్రి 8కి ఇంటి నుంచి కదలాలి" అని రాస్తాను. ఫోనులో టికెట్ తీసుకునేవారు కూడా ఇంట్లో అందరికీ ఇలాంటి ఒక్క వాక్యం పంపండి. ఉద్యోగస్తులు సెలవు చీటీ రాసే ముందు టికెట్ పక్కన పెట్టుకోండి. సోమవారం 00.40 రైలుకు సోమవారం పగలంతా పనిచేసి వెళ్దామనుకున్న ఒక గుమాస్తాకు ఆదివారం సాయంత్రం నాలుగింటికి విషయం తెలిసింది. ఆ నాలుగు గంటల్లో పై అధికారికి ఎన్ని ఫోన్లు, ఇంట్లో ఎంత రభస జరిగాయో ఆయనే చెప్పి నవ్వారు. నవ్వడానికి నెల పట్టిందట.

విమానాలదీ ఇదే కథ, నష్టం మాత్రం పదింతలు. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళేవారు ఎక్కువ. హైదరాబాదులో అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలకూ కొదవ లేదు. రాజోలు వైపు నుంచి ఒక అమ్మాయి కువైట్ టికెట్ ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. ఇళ్ళలో పనికి, మొదటిసారి వెళుతోంది. చిన్న పిల్లవాడిని తల్లి దగ్గర వదిలి వెళ్ళాలి. "పదో తేదీ కదండీ, పదిన పొద్దున్నే బస్సెక్కుతాను" అంది. విమానం పదో తేదీ 01.50కి. అంటే తొమ్మిది రాత్రి పదిన్నరకే శంషాబాదులో ఉండాలి. తొమ్మిది పొద్దున్నే ఇల్లు కదలాలి. చెప్పేసరికి ముఖం పాలిపోయింది. పిల్లవాడితో గడుపుదామనుకున్న ఒక రోజు పోయిందని ఏడ్చింది, ఉద్యోగం పోలేదన్న సంతోషంతో కాదు. ప్రింటుకు డబ్బు తీసుకోలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, అప్పుడు చేతనైంది అంతే.

ఇదే లెక్క తత్కాల్‌లోనూ తగులుతుంది. తత్కాల్ "ముందు రోజు" తెరుస్తారన్న మాట నిజమే. ఏసీకి ఉదయం 10 గంటలకు, మిగతా తరగతులకు 11 గంటలకు. కానీ ఆ ముందు రోజు మీ స్టేషనుకు కాదు, రైలు మొదట బయలుదేరే స్టేషనుకు. విశాఖలో శనివారం రాత్రి బయలుదేరి, అర్ధరాత్రి దాటాక ఆదివారం తేదీన రాజమండ్రి వచ్చే రైలుకు తత్కాల్ శుక్రవారమే తెరుస్తారు. శనివారం పదింటికి ఫోను పట్టుకుని కూర్చున్నవారికి మిగిలేది నెట్‌వర్క్ మీద కోపమే.

అపోహ: ఏజెంటు చేతిలో టికెట్లు దాచి ఉంటాయి.

లేవు. 2025 జులై నుంచి తత్కాల్ తెరిచిన మొదటి అరగంట మాకు తలుపులు మూసే ఉంటాయి. ఆధార్ అనుసంధానమైన సొంత ఖాతా ఉంటే ఆ అరగంటలో మీరే నాకంటే ముందున్నట్టు. సొంత ఖాతాల మీద టికెట్లు తీసి లాభానికి అమ్మేవారి మీద రైల్వే చట్టం 143వ సెక్షను ఉంది. "వాడు ఎక్కువ తీసుకున్నా ఖాయంగా ఇస్తాడు" అని ఎవరైనా చెబితే వినకండి. అలాంటి టికెట్ పట్టుబడితే దాన్ని రద్దు చేయవచ్చు, ప్లాట్‌ఫారం మీద నిలబడేది మీరు.

అపోహ: వెయిటింగ్ లిస్టుతో ఎక్కేస్తే టీసీ ఏదో ఒకటి సర్దుతాడు.

ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్టు (ఎవరికి ఏ బెర్తో తేల్చే జాబితా) వేశాక కూడా ఆ టికెట్‌లో ఉన్నవారందరికీ వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు ఖాతాకు వెళుతుంది. దానితో ఎక్కితే టికెట్ లేనట్టే. ఆర్ఏసీ వేరు, అది ఉంటే నిశ్చింతగా ఎక్కవచ్చు, కూర్చోవడానికి చోటు ఖాయం. వెయిటింగ్‌లోనూ తేడాలున్నాయి. నర్సాపురంలోనో కాకినాడ పోర్టులోనో బయలుదేరే రైలుకు మొదటి స్టేషను నుంచి తీసుకుంటే జనరల్ వెయిటింగ్ వస్తుంది, అది కదిలే అవకాశం ఎక్కువ. దారిలో వచ్చే రైలుకు మధ్య స్టేషన్ల కోటాలో వచ్చిన పదో నంబరు, జనరల్‌లో వచ్చిన ముప్ఫయ్యో నంబరు కంటే మొండిది. ఆఫీసులో గంటకు మూడుసార్లు పీఎన్ఆర్ కొట్టి చూసేవారికి ఒక మాట. "ఫలానా రోజుకు కదలకపోతే బస్సు టికెట్ తీసేస్తాను" అని ఆ రోజును క్యాలెండరులో రాసుకోండి. చూసినంత మాత్రాన లిస్టు కదలదు.

అపోహ: పెద్దవారికి కింది బెర్తు దానంతటదే వస్తుంది.

అరవై దాటిన మగవారికి, నలభై అయిదు దాటిన ఆడవారికి ఆ కోటా ఉంది. కానీ ఆ వయసువారు ఒక్కరిగానో ఇద్దరుగానో విడిగా టికెట్ తీసుకున్నప్పుడే అది పనిచేస్తుంది. ఆరుగురి కుటుంబాన్నంతా ఒకే టికెట్‌లో వేసి, అమ్మకు పైబెర్తు వచ్చిందని నా మీద అరవకండి. పిల్లల సంగతి: అయిదేళ్ళ లోపు బెర్తు అడగకపోతే ఉచితం. అయిదు నుంచి పన్నెండు లోపు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, అక్కర్లేకపోతే సగం.

ఇక రోడ్డు. "రాజమండ్రి ఎంతసేపు, గంటన్నర" అంటారు మా వాళ్ళు. ఆ గంటన్నర పెళ్ళిళ్ళ రోజుల్లో రావులపాలెం దగ్గరే అయిపోతుంది. జులై, ఆగస్టుల్లో రైలు వేళతో పాటు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం కూడా చూసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. గోదావరి మధ్య లంకల్లో ఉన్నవారు మొదటి హెచ్చరికకే కదలడం మంచిది.

కిందటేడు వరదల్లో సఖినేటిపల్లి నుంచి ఒకాయన ఫోను చేశారు. నర్సాపురంలో సాయంత్రం రైలు, షిర్డీ ప్రయాణం, ఎనిమిది మంది. రేవులో పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఆపేశారట. ఎదురుగా నర్సాపురం కనిపిస్తోంది, దాటే దారి లేదు. మలికిపురం, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి వెళ్ళమన్నాను. రైలు కదలడానికి పది నిమిషాల ముందు ఎక్కారు. వంతెన దిగాక పాలకొల్లే దగ్గర, ఆ రైలు అక్కడా ఆగుతుంది. ఎక్కే స్టేషనును చార్టు వేయకముందే పాలకొల్లుకు మార్చుకుని ఉంటే ఇంత పరుగు ఉండేది కాదు. అలా మార్చుకున్నాక మళ్ళీ నర్సాపురంలో ఎక్కే హక్కు ఉండదు, అది కూడా ఆయనకు చెప్పాను. తిరుగు టికెట్ తీసేటప్పుడు పాలకొల్లు వరకే చాలన్నారు.